స్నానాలగదిలో ఉత్తగాలి

మనోరమ బట్టలు పిండుతుంటే తల పగిలిపోతోంది. ఆదివారమంటే ఆమెకు అదే కదా, ఇంటిల్లిపాది బట్టలూ ముందేసుకుని స్నానాలగదిలో కూర్చోవడం. వేణ్ణీళ్ల కోసం గోడమీది గ్యాస్ గీజర్ బుస్సుమంటూనే ఉంటుంది. గాలి కిటికీని భర్త జనార్ధన్ ఎప్పుడో ఇటుకలతో మూయించాడు, పక్క ప్లాట్లో మేస్త్రీలకు ఇంటి కోడలు కనబడకూడదని.

"లేజర్లు, గీజర్లు అని పెద్ద సదువులు సదువుతవ్ గని, నాలుగు బట్టలు పిండితే తలనొప్పా?" అని అత్త జయమ్మ. "అంత భ్రమనే. పని ఎగ్గొట్టనీకి" అని జనార్ధన్. వినీ వినీ, తనలోనే ఏదో లోపముంది కాబోలు అనుకునేది, పిచ్చిది.

అలియాబాద్‌లో ఇల్లు, షామీర్‌పేట దాటగానే ఆమె పనిచేసే ప్రయోగశాల. గాలిలో రవ్వంత విషవాయువున్నా పట్టే లేజర్ పద్ధతులు రెండింటిలో ఏది మేలో తేల్చడం ఆమె పని. ఒక మిషన్ వింటుంది: వాయువు వెలుగును మింగినప్పుడు పుట్టే సన్నని చప్పుడును పడుతుంది. రెండోది చూస్తుంది: వెలుగును అద్దాల మధ్య తిప్పితిప్పి, అదెంత తొందరగా ఆరిపోతుందో లెక్కగడుతుంది. ఒకటి ఔనంటే ఇంకోటి కాదంటుంది, అచ్చం అత్తాకోడళ్లే.

పోల్చి చూడటానికి మామూలు గాలి కావాల్సొచ్చింది. ఇంట్లో ఏముంటుంది, ఉత్తగాలే కదా అని, ఆ ఆదివారం బట్టలుతుకుతూనే ప్రయోగశాల గాలిసంచీ ఒకటి నింపుకుంది.

సోమవారం వినే మిషన్‌కు ఆ గాలి పెడితే కార్బన్ మోనాక్సైడ్ అంకె పైపైకి ఎగబాకింది. గాలాడని గదిలో గ్యాస్ మండితే పుట్టి, వాసనా రంగూ లేకుండా మనిషిని చంపే వాయువది. మిషన్‌కూ భ్రమేనా అనుకుంది ముందు. చూసే మిషన్‌కు పెట్టింది. ఎన్నడూ పొసగని రెండూ ఒకే మాట చెప్పాయి. అంటే ఆ తలనొప్పి నిజం. ఇన్నేళ్లూ నిజమే!

ఇంటికి ఫోన్ చేసింది. "అత్తమ్మా, గీజర్ బంద్ చెయ్యుండ్రి!"

"ఎందుకే? నయన తానం జేస్తాంది. పొద్దుగాల సంది తలనొస్తాందని బడికి పోలే. నీ యాక్టింగంత నీ బిడ్డకొచ్చింది."

"తలుపు తియ్యుండ్రి అత్తమ్మా! పొల్లను బయటికి గుంజుండ్రి, జల్దీ!"

ఆటోలో వచ్చిపడేసరికి నయన వాకిట్లో వాంతి చేసుకుంటోంది. బతికుంది. జయమ్మ పిల్ల వీపు నిమురుతోంది.

డాక్టరుకు చూపించి తెచ్చాక, మనోరమ కొట్టంలోంచి గడ్డపార తెచ్చి కిటికీ ఇటుకల మీద వేసింది. జనార్ధన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే గిది? మేస్త్రీలకు కనబడ్తవ్!"

"కనబడనియ్యి" అంది మనోరమ. "బతికున్ననని తెలుస్తది."