టేపు చుట్టిన అద్దం

ఆరు నెలలు వెతికినా ఏ కొట్టులోనూ దొరకని కారు అద్దం తన వియ్యంకుడికి రెండే రోజుల్లో దొరికిందని తెలియగానే, వాచీల మెకానిక్‌కు సంతోషం కలగలేదు. అనుమానం కలిగింది.

కొత్త వాచీ అని ఎవరు తెచ్చినా ముందు వెనక మూత విప్పి చూసే రకం అతను. కానీ కూతుర్ని ఇచ్చిన ఇంటి పెద్దమనిషిని మూత విప్పి చూడలేడు కదా!

అతని తండ్రి నాటి కారు అది. గుండ్రటి లైట్లు, తలుపు వేస్తే దబ్బుమనే బరువు. కొమ్మ విరిగిపడి ముందు అద్దం పగిలింది. వచ్చే సోమవారం కూతురు ఆ కారు తనే నడుపుకుంటూ, కొండదారిలో కొత్త ఉద్యోగానికి వెళ్తోంది. ఆ దారిలో లారీ చక్రాల కింద నుంచి రాళ్ళు ఎగిరిపడుతుంటాయి.

అందుకే అతనికి ఏదో ఒక అద్దం సరిపోదు. రెండు పలకల మధ్య పల్చటి పొర పెట్టి అతికించినదే కావాలి. రాయి తగిలితే అది బీటవారుతుంది, కానీ దారి కనిపిస్తుంది. కాల్చి గట్టిపరిచిన ఒంటి పలకైతే రెప్పపాటులో మొత్తం తెల్లబడిపోతుంది. ఒకప్పుడు అన్నయ్య కారు నడుపుతుంటే అదే జరిగింది. పక్క సీట్లో తనున్నాడు. కళ్ళముందు తెల్ల గోడ లేచినట్టయింది, ఆ తర్వాత గొయ్యి. అన్నయ్య ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

తండ్రీ కూతుళ్ళు కారుతో వెళ్ళేసరికి వియ్యంకుడు తన అద్దాల కొట్టు వెనక షెడ్డులో ఎదురొచ్చాడు.

"రండి బావగారూ! భూతద్దం తెచ్చుకున్నారా, ఇంట్లో మరిచిపోయారా?"

"జేబులోనే ఉంది బావగారూ. అది లేకుండా బయటికొస్తే మా ఆవిడ నన్ను లోపలికి రానివ్వదు."

కూతురు ఫక్కున నవ్వింది. అద్దం చెక్క స్టాండు మీద నిలబెట్టి ఉంది. చుట్టూ అంచంతా నల్ల టేపు, ఎక్కడా వేలు దూరే సందు కూడా లేకుండా చుట్టి ఉంది. మూల మీద ముద్ర 'రెండు పలకలది' అంటోంది. అద్దం పాతది, ముద్ర మాత్రం నిన్న వేసినంత తెల్లగా ఉంది.

"టేపు కాస్త తీసి చూద్దామా?" అన్నాడు మెకానిక్, మామూలుగా అన్నట్టు.

"అయ్యో, వద్దండీ! అంచుకు తేమ తగిలితే పొర విడిపోతుంది. అలాగే కారు రబ్బరు చట్రంలో కూర్చోబెట్టేస్తాం. మీరు టీ తాగొచ్చేలోపు పనైపోతుంది."

మాటలో తప్పు లేదు. పాత అద్దాలకు అంచునుంచే తేమ పడుతుంది. కానీ రబ్బరు ఎక్కాక అంచు ఇక ఎవరికీ కనిపించదు. ఇద్దరు పనివాళ్ళు అద్దాన్ని చట్రంలోకి లాగే తాడును రబ్బరు గాడిలో చుట్టి, సబ్బునీళ్ళు పూసి అప్పుడే సిద్ధంగా ఉన్నారు. కస్టమరు అద్దం చూడకముందే తాడు సిద్ధం చేసే షాపు ఉంటుందా?

"మా టీ సంగతి అలా ఉంచండి. మేమొచ్చామని మీ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పి రండి," అన్నాడు మెకానిక్.

వియ్యంకుడు లోపలికి వెళ్ళగానే అతను పర్సులోంచి రెండు పల్చటి ముక్కలు తీశాడు. డిజిటల్ వాచీ తెరల మీద వేసే ఫిల్ములు అవి. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెడితే వెలుతురు ఆగిపోయి నల్లబడతాయి. వాటి మధ్య మామూలు గాజు పెట్టినా, దాన్ని రెండు పలకలుగా అతికించినా నలుపు చెదరదు. కాల్చి గట్టిపరిచిన గాజైతే లోపలి బిగువు వల్ల వెలుతురు దొంగలా జారివస్తుంది.

"నాన్నా, మావయ్యగారు చూస్తే ఏమనుకుంటారు!" కూతురు గొంతు తగ్గించి అంది. "నేను ఆ ఇంట్లో ఉండాలి."

"నువ్వు ఉండాలనే చూస్తున్నా. అవతలి వైపు ఇది పట్టుకో."

నల్లగా ఉండాల్సిన చోట వెలుగు మచ్చలు వరసగా లేచాయి, చిరుతపులి వీపులా. ఒంటి పలకే!

వెనక చెప్పుల చప్పుడు.

"ఏం చేస్తున్నారు బావగారూ?" వియ్యంకుడి గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "నా సరుకుకు పరీక్షలా? పరాయివాణ్ణి అనుమానించినట్టు!"

"పరాయివాడైతే మొదటే టేపు పీకేవాణ్ణి. మీరు కాబట్టే ఇంతసేపు మర్యాద చేశాను." అతను గోడకు వేలాడుతున్న సుత్తి తీశాడు. "ఒక పని చేద్దాం. మీరు ఆ అద్దం వెనక కుర్చీ వేసుకుని కూర్చోండి, ముఖం దగ్గరగా పెట్టుకుని. నేను ఇటునుంచి కొడతాను. రెండు పలకలదైతే మీ ముఖానికి గీత కూడా పడదు. అప్పుడు అందరి ముందూ మీ కాళ్ళు పట్టుకుంటాను."

పనివాళ్ళు తాడు వదిలేశారు. వియ్యంకుడు కుర్చీ వైపు రెండడుగులు వేశాడు. అద్దం వంక చూశాడు. మూడో అడుగు పడలేదు.

"మావయ్యగారూ, కూర్చోండి," అంది కూతురు. "సోమవారం నేను కూర్చోవలసిందేగా."

ఆయన కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత తనే గోరుతో టేపు అంచు లేపి బర్రున లాగాడు. అంచు మధ్యలో గీత లేదు. ఒకటే పలక.

"టేపు నేను చుట్టలేదమ్మా. అలాగే వచ్చింది. విప్పుదామని రెండుసార్లు చెయ్యి వేశాను." ఆయన ఎవరి ముఖమూ చూడలేదు. "పంపింది నా తోడల్లుడు. సొంత మనిషి సరుకు విప్పి చూస్తే రేపు మా ఆవిడ ముఖం, వాళ్ళక్క ముఖం ఎలా చూడను? చూడకపోతే తప్పు నాది కాదనుకున్నాను."

మెకానిక్ సుత్తి కింద పెట్టాడు. కోపం వచ్చేదే. కానీ పావుగంట క్రితం తనూ అదే మొహమాటంతో టేపు ముట్టలేదు.

అప్పుడే అసలు ప్రశ్న తట్టింది.

"ఆయన పంపింది ఇదొక్కటేనా?"

వియ్యంకుడు చేతిలోని టేపును ఉండ చుట్టసాగాడు.

"బావగారూ, ఎన్ని?"

"నాలుగు. మిగతా మూడూ వేరే కార్లకు బిగించేశాం."

"ఎవరెవరికి?" అడిగింది కూతురు. అప్పటికే ఆమె ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన బిల్లుల పుస్తకం తెరిచి మొదటి నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి అవతల ఎవరో ఎత్తారు. వెనక ఇంజన్ హోరు వినిపిస్తోంది.

"అద్దాల కొట్టు నుంచండీ," అన్నాడాయన. "ముందు కారు పక్కకు ఆపండి. ఆపాకే చెబుతాను."