మూడో పాటలో తొమ్మిది సెకన్లు

నేను ఒక క్యాసెట్‌ను. అరవై నిమిషాల నిడివి, గోధుమరంగు టేపు, ఐదు మరలు. ప్రస్తుతం ఒక సంగీత ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో ఉన్నాను. పక్కన అంటించిన కాగితం ఇలా చెబుతుంది: ‘అల్జీరియా, ఒరాన్ నగరం. రాయ్ సంగీతం. మూడో పాటలోని తొమ్మిది సెకన్ల నిశ్శబ్దం సాంకేతిక లోపం.’ ఊరి పేరు నిజం, సంగీతం పేరు నిజం. చివరి వాక్యం మాత్రం అబద్ధం. రాసినవారు నిజాయితీపరులే, తెలిసినవారిని అడగలేదు, అంతే.

రాయ్ అంటే అరబ్బీలో అభిప్రాయం. పల్లెల్లో రెల్లుపిల్లనగ్రోవి మీద పలికిన బాణీలను రేవుపట్టణపు కుర్రకారు సింథసైజర్ మీదికి, డ్రమ్ యంత్రం మీదికి ఎక్కించారు. అయితే కొన్ని అరబ్బీ స్వరాలు పాశ్చాత్యుల మీటల మీద దొరకవు. రెండు మీటల నడుమ ఎక్కడో ఉంటాయి. వాయించేవాడు పక్కనున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో కాస్త తిప్పి వాటిని బయటికి లాగేవాడు. ఆ లాగుడులో వలపు, సారా, పరదేశపు దిగులు, పెద్దలకు గిట్టనివన్నీ వినిపించేవి.

నా యజమాని లఖ్దర్ గాయకుడు కాదు, బర్రాహ్. పెళ్ళిలో ఎవరైనా చేతిలో ఒక నోటు పెడితే, సాగుతున్న పాట మీదుగానే వారి పేరూ వీధీ, గుమ్మం గుర్తుతో సహా గొంతెత్తి చాటడం బర్రాహ్ వృత్తి. ఆ ఊళ్ళో అది పెద్ద గౌరవం. జనం క్యాసెట్లు కొనేది సగం పాట కోసం, సగం తమ వీధి పేరు వినడం కోసం.

ఒక మధ్యాహ్నం డాబా మీది పెళ్ళిలో నన్ను యంత్రంలో పెట్టారు. ‘పాడేది షెబ్బా జౌహర్, చాటేది లఖ్దర్’ అన్న ప్రకటన నాలో ఇప్పటికీ ఉంది. షెబ్బా అంటే రాయ్ పాడే పడుచు గాయని. నాకు తెలిసిన మనుషుల పేర్లన్నీ ఇలా నాలో ముద్రపడినవే. ముద్రపడని పేరు నాలో నిలవదు. మూడో పాట నడుస్తుండగా ఒక దర్జీ బిడియంగా ముందుకు వచ్చాడు. జౌహర్ తొడుక్కున్న ఆకుపచ్చ శాటిన్ గౌను అతను కుట్టినదే. ఊళ్ళో సగం మంది అతని బట్టలు వేసుకునేవారు. అతని పేరు మాత్రం ఏనాడూ ఏ పెళ్ళిలోనూ మోగలేదు. లఖ్దర్ తొమ్మిది సెకన్లు చాటాడు. ఆ తరువాత, నా మీద వేరేది రికార్డు కాకుండా, నా వెనుక అంచునున్న చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేశాడు. నా నకళ్ళు వందల సంఖ్యలో బజారుకు వెళ్ళాయి.

కొన్నేళ్ళకు, పాటను పాపమని నమ్మేవారు తుపాకులు పట్టారు. జౌహర్ సముద్రం దాటి వెళ్ళిపోయింది. దర్జీకి మాత్రం ఒక పొట్లం వచ్చింది: శవానికి చుట్టే కఫన్ గుడ్డముక్క, శవాన్ని కడిగే సబ్బు, పాపపు పాటల దానికి బట్టలు కుట్టావన్న చీటీ. పొట్లం మీది చిరునామా లఖ్దర్ చాటిన మాటలే. ఒక్క మాట కూడా తేడా లేదు.

దర్జీ ఆ గుడ్డను లఖ్దర్ ముందు పరిచి, అలవాటు కొద్దీ అంచును వేలితో సరిచేశాడు. “చూశారా సీ లఖ్దర్, వంకరగా కత్తిరించారు. చంపేవాళ్ళకి కత్తెర పట్టడం కూడా రాదు.” సీ అనేది పెద్దలను పిలిచేటప్పుడు అక్కడివారు చేర్చే గౌరవం. దర్జీ నవ్వబోయి ఆగిపోయాడు. “నా పేరు చెరిపేయండి. మీరు చాటిందే కదా.”

విరిగిన పలక వల్ల యంత్రం రికార్డుకు ఒప్పుకోలేదు. దర్జీ జేబులోంచి ఆకుపచ్చ శాటిన్ పేలిక తీసి, నాలుగు మడతలు వేసి, పలక విరిగిన నా గుంటలో కుక్కాడు. లఖ్దర్ ప్లే, రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కి, యంత్రంలోని మైకుకు చప్పుడు అందకుండా ఊపిరి బిగబట్టాడు. పేరుతోపాటు దాని కింద జౌహర్ పాడుతున్న చరణమూ పోయింది. బజారులో వందల నకళ్ళుండగా నన్నొక్కదాన్ని చెరపడం తర్కానికి నిలవదు. అది ఇద్దరికీ తెలుసు. భయానికి చేతులతో చేసే పని ఏదో ఒకటి కావాలి.

మర్నాటి నుంచి లఖ్దర్ దుకాణాలూ టాక్సీలూ తిరిగి నకళ్ళు అడిగి తెచ్చి సుత్తితో పగలగొట్టాడు. పదకొండో రోజున దర్జీని కుట్టుమిషను ముందే కాల్చి చంపారు. లఖ్దర్ ఆగలేదు. చివరి నకలు దొరికేదాకా పగలగొడుతూనే ఉన్నాడు. ఎవరిని కాపాడుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఆ తరువాత ఏ పెళ్ళిలోనూ గొంతెత్తలేదు.

చాలా ఏళ్ళకు దర్జీ భార్య వచ్చింది. లఖ్దర్ ఎదుట కూర్చుని తలముసుగు సవరించుకుంది.

“ఆ రోజు నేను ఆడవాళ్ళ గదిలో ఉన్నా. మీ ఆయన పేరేనే అని పక్కవాళ్ళు పొడిచారు. డోళ్ళ మోతలో నాకు వినబడలేదు. ఒక్కసారి వినిపించండి సీ లఖ్దర్. బజారంతా వెతికాను, ఎక్కడా లేదు.”

లఖ్దర్ నిజం చెప్పలేకపోయాడు. నన్ను మూత ఊడిన యంత్రంలో పెట్టి ప్లే మీట నొక్కాడు. మూడో పాట వచ్చింది. జౌహర్ గొంతు ఎత్తుకుంది, తెగింది. ఖాళీ మొదలైంది. ఆమె చెవి యంత్రానికి ఆనించింది. అతను నోరు తెరిచాడు. ఒకప్పుడు నాలుగు వీధులకు వినిపించిన ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆమె అతని ముఖం చూసింది, నన్ను చూసింది, నా గుంటలోని ఆకుపచ్చ పేలికను చూసింది. దాని అంచును వేలితో తడిమింది. “ఇది ఆయన కోతే” అంది. తరువాత, ఖాళీ ఇంకా కొంచెం మిగిలి ఉండగానే, ఎవరికీ చాటనంత మెల్లగా ఆ పేరు పలికింది.

ఆ క్షణాన పేలిక నాలోనే ఉంది. టేపు కదులుతూనే ఉంది. కాని నొక్కి ఉన్నది ప్లే మీట ఒక్కటే.