సౌదా బార

మరిగే నీళ్ళలో చేపపిండి కడ్డీలు తేలేసరికి సౌదా పీటెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, పైగూట్లో ఉన్న వెదురు జల్లెడ అందుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె రోజూ అలాగే పీటెక్కుతోంది. మారాంగ్ ఏటి ఒడ్డున ఏ ఇంటికైనా ఇల్లాలి బారే, అంటే చాచిన రెండు చేతుల నిడివే కొలత. ఈ ఇల్లు కట్టినప్పుడు వడ్రంగి కొలిచింది అత్త మెక్ బుంగా బారని. ఆవిడ తాటిచెట్టంత మనిషి. సౌదా చూస్తే జానెడు. గూళ్ళూ గడియలూ అన్నీ ఆమెకు అందనంత ఎత్తే.

పాత వంటిల్లు ఆడపడుచు కూతురి కొత్త కాపురానికి ఇచ్చేశారు. అది స్తంభాలకు చెక్కగోడలు బిగించిన విడి గది. ఇవాళ జుమా నమాజు కాగానే ఊరి మగవాళ్ళు వచ్చి దాన్ని అలాగే భుజాల మీద మోసుకుపోతారు. దాని చోట ఏం కట్టాలన్నదే ఇంకా తేలలేదు. ఇల్లంతా పడగొట్టి ఒక్కసారే కట్టాలని మొగుడి పంతం.

వడ్రంగి డెరామన్ తాడుచుట్ట విప్పుతూ తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కసారే పీకితే మెక్ బుంగా పెద్దమ్మ ఎక్కడ పడుకుంటుంది, పడవలోనా? ఈ ఏడు వంటిల్లు, వచ్చే ఏడు వసారా, ఆ పైన నడిల్లు. ఒక్క మాట. ఇవాళ ఎవరి బార కొలిస్తే, రేపు ఇల్లంతా దాని ప్రకారమే."

సౌదా పైగూటి వైపు చూసింది. తన చేతికందే గూడు, తన చేతికందే గడియ. ఎంత ఆశ ఉన్నా, అత్త ఉండగా ఇల్లాలు అత్తే. తడిచేతులు లుంగీకి తుడుచుకుని పక్కకు తప్పుకుంది.

"విడతలుగానే కానియ్," అంటూ మెక్ బుంగా లేచి వచ్చింది. చేతులు చాచబోయి, "అబ్బా" అని భుజం పట్టుకుంది. "చెయ్యి లేవట్లేదు నాయనా. నా కోడలి బార కొలుచుకో."

"పొద్దున దోటి లేకుండా మామిడికాయలు కోశారుగా అత్తా!"

"పొద్దున లేచింది, ఇప్పుడు లేవట్లేదు. చాచవే పొట్టిదానా!"

సౌదా చాచింది. ఎంత చాచిందంటే చొక్కా చంకలో కుట్టు పుటుక్కుమంది.

"అంత సాగదీయకు వదినా, ఇల్లు ఏట్లో పడుతుంది!" అన్నాడు డెరామన్. ముగ్గురూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

మధ్యాహ్నం నలభైమంది స్తంభాలకు వెదుళ్ళు కట్టి, "ఎత్తరా, ఎత్తు!" అంటూ వంటింటిని పైకి లేపారు. మసిగోడలూ ఎత్తుగూళ్ళూ అన్నీ కలిసి కొబ్బరిచెట్ల మధ్య నుంచి ఊగుతూ వెళ్ళిపోయాయి.

"మెల్లగా రా! నేను కాపురం చేసిన ఇల్లురా అది!" అని మెక్ బుంగా మలుపుదాకా కేకలేసింది. సౌదా ఆమె పక్కన నిలబడి, ఇందాక అత్త నొప్పంటూ పట్టుకున్న, నొప్పిలేని ఆ భుజాన్నే నెమ్మదిగా రుద్దింది.

వంటిల్లు ఉన్న చోట బూడిదకుప్పా, రెండు కోళ్ళూ, పాదాల రాపిడికి నడుమ గుంటపడిన సౌదా పీటా మిగిలాయి.