నాలుక ఎత్తు

భోజనాల హాల్లో నిలబడి ఉన్నాను, నేల మీద పాదం మునిగేంత నీళ్లున్నాయి, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరూ అడగడం లేదు, నా చేతిలో రిజిస్టరు తెరిచి ఉంది, ఎదురుగా ఆడపిల్లల లైను గోడ దాకా సాగి, గోడలోంచి బయటికి పోయి, దూరంగా బస్టాండులో ఎక్కడో కలిసిపోతోంది. పేరు పిలుస్తున్నాను, మొదటి పిల్ల ముందుకొస్తోంది, చూస్తే రుచిత. పంపేసి రెండో పేరు పిలుస్తున్నాను, ఆమె కూడా రుచితే, మూడో పిల్లా రుచితే, అందరికీ పైకి మడిచి కట్టిన అవే రెండు జడలు, అదే తడిసిన యూనిఫాం.

రుచిత చనిపోయి పదకొండు నెలలైందని నాకు కలలో కూడా తెలుసు. తెలిసి కూడా గదమాయిస్తున్నాను.

"ఇంత ఆలస్యమేందే? అందరు నీకోసం ఆగాల్నా?"

"గోలీ ఏస్కుంటందుకు వచ్చిన మేడం," అంటోంది.

నేను ఒక గురుకులం హాస్టల్‌కి వార్డెన్‌ని, పిల్లలందరూ సువార్త మేడం అంటారు. రుచిత ఎనిమిదిలో చేరేటప్పటికే ఫిట్స్ జబ్బుతో వచ్చింది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒకటి, ఒక్క పూట కూడా తప్పకూడదని డాక్టరమ్మ చెబితే ఆ మాటను నేను నెత్తిన పెట్టుకున్నాను. గోలీలు నా బీరువాలో ఉంచి తాళం వేశాను. టిఫిన్‌కి ముందు అందరూ లైన్లో నిలబడ్డాక రుచితను ముందుకు పిలిచి, గోలీ ఇచ్చి, నీళ్లు తాగించి, నోరు తెరువు, నాలుక ఎత్తు అని చూసి, అప్పుడు రిజిస్టర్లో టిక్కు పెట్టేదాన్ని. రెండేళ్లలో ఒక్క గడి ఖాళీ లేదు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ రిజిస్టరు గొప్పగా చూపించాను కూడా.

ఒక ఆదివారం పొద్దున అందరూ టిఫిన్ దగ్గర ఉన్నప్పుడు రుచిత ఒక్కతే బట్టలు ఉతుక్కుంటోంది. ఫిట్స్ వచ్చి నీళ్ల హౌజులోకి బోర్లా పడిపోయింది. చూసేవాళ్లు లేరు. మూడో రోజున తల్లి కనకలక్ష్మి పెట్టె తీసుకుపోవడానికి వచ్చి, అందులో ఉన్న పౌడరు డబ్బా మూత తీసి మంచం మీద వంచింది. పౌడరు లేదు, అన్నీ గోలీలే, గలగలమని రాలి దుప్పటి మీద పరుచుకున్నాయి.

"నోరు తెరువు," అంటున్నాను ఇప్పుడు, అలవాటుగా. "నాలుక ఎత్తు."

ఎత్తుతుంది. ఏమీ లేదు. పెన్ను తీసి టిక్కు పెట్టబోతుంటే రుచిత తన చూపుడువేలు నోట్లో పెట్టి చెంపను పక్కకు లాగి చూపిస్తుంది, చిగుళ్లకీ చెంపకీ మధ్య తెల్లటి గోలీ, పొడిగా, కొత్తగా, అంచు కూడా అరగకుండా అలాగే ఉంది, రిజిస్టరు నా చేతిలోంచి జారి నీళ్లలో పడుతుంది, టిక్కులన్నీ చిన్న చిన్న చేపల్లా కాగితం విడిచి ఈదుకుంటూ పోతున్నాయి.

"నేను చూసిన గదనే! రోజూ చూసిన!"

"మీరు నాలుక కిందనే చూస్తరు మేడం. చెంపల చూడరు."

వంగి చేపల్ని పట్టుకోబోతుంటే హాలు కదులుతుంది, అది హాలు కాదు బస్సు, మేమిద్దరం ఒకే సీట్లో ఉన్నాం, రుచిత కిటికీ పక్కన కూర్చుంది, డ్రైవరు సీట్లో ఎవరూ లేరు గానీ బస్సు పోతూనే ఉంది, దారి పొడుగునా తీగల మీద యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి.

"ఎందుకు మింగలేదే? సచ్చిపోతవని తెల్వదా?"

"తెల్వదు మేడం," ఎవరో పాఠం అడిగితే చెప్పినంత మామూలుగా అంటోంది. "ఫిట్స్ వస్తే పడిపోతమని తెల్సు. పడితె మళ్ల లేస్తమనుకున్న."

పదిహేనేళ్ల పిల్ల. పడితే లేస్తుందనుకుంది.

"గోలీ ఏస్కున్ననాడు మూడో పీరియడ్ దాక కండ్లు మూతలు వడేటియి. లెక్కల సారు నిలవెట్టేటోడు."

"మరి నాకు జెప్పొద్దా?"

"వచ్చిన మేడం ఒకనాడు. మీరు రాసుకుంటున్నరు. తలకాయ ఎత్తకుంటనే, ఏస్కున్నవా లేదా, అది చెప్పు అన్నరు. ఏస్కున్న అన్న. ఇగ పో అన్నరు."

నిజమే. ఆ రోజు ఆమె గుమ్మం దగ్గర ఇంకాసేపు నిలబడింది, అదీ నాకు గుర్తుంది. మత్తుగా ఉంటుందేమో పిల్లను అడుగుతూ ఉండండి, మోతాదు మారుద్దాం అని డాక్టరమ్మ చెప్పిన మాటా గుర్తుంది. గోలీ వేయించడమే నా పని అనుకున్నాను, అడగడం కూడా పనే అనుకోలేదు.

"లైన్ల యాభై మంది ముందట నాలుక ఎత్తుమంటిరి. పిల్లలు నాకు పేరు గూడ వెట్టిండ్రు. నాలుక."

"నువ్వు ఎక్కువ మాట్లాడుతవని వెట్టిండ్రనుకున్న."

"మీరు గూడ పిలిచిండ్రు మేడం."

"నేనా? నేనెప్పుడు పిలిచిన?"

బస్సు పైకప్పులోంచి నా గొంతే మైకులో వినిపిస్తుంది, పంద్రాగస్టు ప్రాక్టీసులో నేను అన్న మాటే, "ఏయ్ నాలుకా, లైన్ల నిలవడు!", వెంటనే వెనక సీట్లన్నీ పగలబడి నవ్వుతున్నాయి, తిరిగి చూస్తే ఒక్క సీట్లోనూ మనిషి లేదు, నవ్వు మాత్రం ఆగడం లేదు. రెండు చేతులతో చెవులు మూసుకుంటున్నాను. మూసుకుంటే ఇంకా బాగా వినిపిస్తోంది.

"ఆనాడు నువ్వు గూడ నవ్వినవ్ గదనే," అంటున్నాను, అది నాకు ఆసరా అయినట్టు.

"అందరు నవ్వుతుంటె ఏం జేస్త మేడం."

"మాఫ్ జెయ్యి బిడ్డా."

రుచిత జడ చివర నీళ్లు పిండుకుంటూ అడుగుతుంది.

"ఇప్పుడు గోలీల లైన్ల ఎవలున్నరు?"

"ముగ్గురున్నరు. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన జంగుబాయి అని ఒకామె ఉన్నది, ఎనిమిదో తరగతి. రక్తం జబ్బు. దినాం ఒక గోలీ ఏస్కోవాలె."

"ఎట్ల చూస్తున్నరు?"

అబద్ధం చెప్పాలని ఉంది. కానీ కలలో నా నోరు నా మాట వినడం లేదు.

"టార్చిలైటు కొన్న. చెంపలు గూడ చూస్తున్న."

రుచిత చెయ్యి జడ మీదే ఆగిపోతుంది. కళ్లు పెద్దవి చేసుకుని నావైపు చూస్తుంది. ఇంతసేపూ ఆమె ముఖంలో లేని భయం ఇప్పుడు కనిపిస్తోంది. నేను చనిపోయిన పిల్లను చూసి జడుసుకోవాల్సింది పోయి, చనిపోయిన పిల్ల నన్ను చూసి నిర్ఘాంతపోతోంది.

"టార్చా?" అంటుంది.

బస్సు ఎక్కడో మెల్లబడుతోంది. ఆమె తల తిప్పి తలుపు వైపు చూస్తుంది, ఎవరూ ఎక్కడం లేదని తేల్చుకుని నా చెవి దగ్గరికి వంగుతుంది, చెంప మీద చల్లటి నీటి చుక్క పడుతుంది.

"ఆమెను అడుగుండ్రి మేడం. నోరు తెరువుమని గాదు. ఎట్లున్నదని అడుగుండ్రి."

మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, రెండున్నర దాటింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, కుర్చీలోనే నిద్రపోయినందుకు మెడ పట్టేసింది, ఒళ్లంతా చెమట.

ముఖం కూడా కడుక్కోకుండా డార్మెటరీకి వెళ్లి, నిద్రపోతున్న జంగుబాయిని నేనే లేపి నా గదికి తీసుకొచ్చాను. ఏం తప్పు చేశానో అన్నట్టు గోడకు ఆనుకుని నిలబడింది. మంచం మీద కూర్చోమన్నాను.

"గోలీ ఏస్కుంటె ఎట్లుంటది బిడ్డా నీకు?"

అర్థం కానట్టు చూసింది. మళ్లీ అడిగాను. ఆ పిల్ల తల తిప్పి, తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది.

లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాను.

"కడుపుల తిప్పుతది మేడం," అంది. "పది దినాల సంది మింగుతలేను," అంది.

పది రోజులు. పది రోజులూ నేను లైటు వేసి మరీ చూశాను. ఎందుకే అన్న కేక పళ్ల దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపుకోవడానికి మంచం కోడు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. ఆ పిల్ల నా ముఖమే చూస్తోంది.

"రేపు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి పోదాం," అన్నాను పక్కన కూర్చుని. "ముందుగాల నాకు చెప్పు. ఎప్పుడు తిప్పుతది? తిన్నంక ఏస్కున్నా తిప్పుతదా?"

"పరిగడుపున ఏస్కుంటెనే ఎక్కువ మేడం," అని మొదలుపెట్టింది. సాయంత్రం టీ గంట కొట్టేదాకా చెబుతూనే ఉంది.