చక్రాల బల్లల గది

అన్నీ చార్టులే, ఈ గోడకీ చార్టులే, ఆ గోడకీ చార్టులే, నీళ్ళ పంపు గురించి చార్టు, వంతెన గురించి చార్టు, గాలిమర గురించి రంగు పెన్సిళ్ళతో మహా ముద్దుగా వేసిన చార్టు, మరి గాలిమర ఏదర్రా అని అడగబోయి ఆగిపోయాను, పక్కనే హెడ్‌మిస్ట్రెస్ గారున్నారు, ఆవిడ ముఖం వెలిగిపోతోంది, చూశారామ్మా మా పిల్లలు ఎంత నీటుగా చేశారో, ఇదివరకు ప్రాజెక్టులంటే గదంతా చెత్తాచెదారం, ఇప్పుడు అద్దంలా ఉంది అంటున్నారు, ఉంది మరి, నేను గీసిన గది, నేను ఏరి తెప్పించిన చక్రాల బల్లలు, నేను పట్టుబట్టి పెట్టించిన మడత గోడ, తోస్తే రెండు క్లాసులు, మడిస్తే ఒకే హాలు, ఒక టర్ము వాడి చూశారు, ఇవాళ బడి కమిటీ కూర్చుని హైస్కూలు పై అంతస్తంతా ఇలాగే కట్టాలా వద్దా తేలుస్తుంది, తేల్చడానికేముంది, అందరూ తలాడించేలాగే ఉన్నారు.

బిల్డింగు ప్లాన్లు గీసే ఆఫీసు అన్నయ్యది, అన్నయ్య గీస్తాడు, నేను కొలతలు సరిచూస్తాను, ఇన్నేళ్ళూ అదే వరస, ఈ గది ఒక్కటే మొదటి గీత నుంచీ నాది, అప్పట్లో నా కాగితాలు చూసి ఏంటే, బడి బాగుచేయమంటే ఇల్లు పీకి పందిరేస్తున్నావ్ అని వెక్కిరించిన మనిషి ఇప్పుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మా చెల్లెలే గీసిందండీ అని చెప్పుకుంటున్నాడు, ఆ మాట కోసం ఎంత మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు, సంతకాలైతే పై అంతస్తు నా పేరు మీద లేస్తుంది, కాకపోతే మళ్ళీ నా కొలతలు నాకే, కాబట్టి నోరు మూసుకుని చార్టులు చూస్తూ వెళ్ళిపోతే ఏ గొడవా లేదు, నోరు ఊరుకుంటేనా, పంపు చార్టు దగ్గర నిలబడ్డ పొడుగమ్మాయిని మరి పంపు చెయ్యలేదామ్మా అని అడిగేశాను.

చేశామండీ, సగం దాకా చేశాం, పైపులు అతికించాం, జిగురు ఆరాలంటే రేపటిదాకా కదపకూడదు కదండీ, గంట కొట్టగానే బల్లలు తోసేసి గోడ మడిచేస్తారు, తర్వాత వేరే క్లాసు, ఇంకెక్కడ పెట్టాలి, ఇంటికి మోసుకెళ్తే బస్సులో ఊడిపోయింది, మళ్ళీ అతికించాం, మళ్ళీ ఊడింది, చార్టయితే చుట్టి సంచీలో పెట్టేసుకోవచ్చని మా సారే అన్నారు, ఆ పిల్ల గొంతులో ఫిర్యాదేమీ లేదు, వాన పడింది గొడుగేసుకున్నాం అన్నట్టు చెప్పింది, పక్కనే నిలబడ్డ వాళ్ళ ఫిజిక్స్ సారు వైపు చూశాను, ఆయన నేల చూపులు చూస్తూ మీకు చెబుదామనే అనుకున్నానండీ, అంత ముచ్చటపడి కట్టించారు, మొహమాటమేసింది అన్నారు, ఎంత మర్యాదస్తుడో, ఆ మర్యాద కాస్త పక్కన పెట్టి టర్ము మొదట్లోనే నాలుగు తిట్టి ఉంటే నాకు మేలు చేసినవాడయ్యేవాడు.

ఈ మూల సామాన్ల గది ఒకటి ఉండేది, చోటు దండగని నేనే కొట్టించేశాను, గోడకున్న అరలు పీకించేశాను, అడ్డం లేకుండా ఉండాలి, ఏదీ పాతుకుపోకూడదు, ఇదే నా మంత్రం, గది తెరిచిన రోజు అది ఎంత చప్పున మారిపోతుందో బల్లలు తోసి మరీ చూపించాను, అందరూ చప్పట్లు కొట్టారు, అసలు ఈ గది నేను ఎక్కడ గీశాను, ఇంట్లో భోజనాల బల్ల మీద, నెలల తరబడి పరిచిన కాగితాలు పరిచినట్టే, స్కేలు పెట్టిన చోటే స్కేలు, అంగుళం జరిపారంటే ఊరుకోనని ఇంటిల్లిపాదినీ బెదిరించాను, మా ఆయన పాపం ఒళ్ళో కంచం పెట్టుకుని తిన్నాడు, మనింట్లో బల్ల ఉండేదని గుర్తు అని ఒకటే దెప్పుళ్ళు, కదలని బల్ల మీద కూర్చుని పిల్లలకి కదిలే బల్లలు గీశాను, సిగ్గుగా ఉంది, ఇందులో దాచుకోవడానికేం లేదు.

ఇలాగే కట్టొద్దని కమిటీకి చెప్పేస్తానని అన్నయ్య చెవిలో చెప్పాను, చెప్పగానే చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు, ఇప్పుడు నోరు విప్పావంటే కొంప మునుగుతుంది, ముందు సంతకాలు కానీ, మార్పులేవో తర్వాత చూసుకుందాంలేవే అన్నాడు, సంతకాలయ్యాక జరిగే మార్పులేమిటో నాకు తెలీదా, గోడ రంగు మారుతుంది, మహా అయితే తలుపు పిడి, లోపలికెళ్ళి కూర్చున్నాం, హెడ్‌మిస్ట్రెస్ గారు పొగిడారు, అధ్యక్షుడు పొగిడి పెన్ను తీశారు, ఏమ్మా, మీరేమన్నా చెప్తారా అని మాట వరసకి అడిగారు, చెప్తానండీ, దీన్ని ఇలాగే కట్టకండి, సగం బల్లలకి చక్రాలు పీకేయాలి, నేను కొట్టించిన గది మళ్ళీ కట్టాలి, ఆగుతామంటే కొత్త డ్రాయింగు తెస్తాను, లేదూ వేరేవాళ్ళకి ఇస్తామంటే మీ ఇష్టం అన్నాను, హెడ్‌మిస్ట్రెస్ గారి ముఖం వాడిపోయింది, అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు, అధ్యక్షుడు పెన్ను మూత పెట్టేశారు, ఏమంటారో ఇంకా తెలీదు, ఏడుపొచ్చేలా ఉంది, అయినా మాట వెనక్కి తీసుకోవాలని లేదు, పిల్లలు ఎలా కదులుతారా అని మాత్రమే ఆలోచించాను, వాళ్ళు సగం చేసి వదిలింది తెల్లారేదాకా ఎక్కడుంటుందని ఆలోచించలేదు, దానికి చోటు లేకపోతే గంట కొట్టేలోగా అయిపోయేదే ఎంచుకుంటారు, అంత చప్పున అయిపోయేది వాళ్ళకి ముందే వచ్చిన పనే, అందులో కొత్తగా నేర్చుకునేదేముంది.