అబబూ ఎక్కణ్ణించి వచ్చింది

రేవు దగ్గర పొద్దున్నే గొబ్నిత్ చేపల కడుపులు కోసి, ఉప్పు పట్టించి, పీపాలో పేరుస్తోంది. అరవై ఏళ్ల మనిషి. చెయ్యీ నోరూ రెండూ చురుకే. అంతలో ఫీనాన్ పంతులు సైకిలు దిగాడు. కెర్రీ తీరమంతా తిరిగి పాత ఐరిష్ మాటలు రాసుకుపోవడం ఆయన పని.

"గోల జరిగితే మీ ఊళ్లో 'అబబూ' అంటారట. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?"

ఆయన అలా అడిగాడో లేదో, పడవకి తారు పూస్తున్న షోర్సా ముసలాయన అందుకున్నాడు. "యుద్ధంలో మనవాళ్లు వేసిన కేక అది."

"నీ మొహం! గుడ్డు పెట్టిన కోడి అరుపు," అంది ఆయన భార్య షివోన్. "నువ్వెప్పుడు చూశావు యుద్ధం?"

"నీతో కాపురం చేశాగా!"

షివోన్ అల్లుతున్న వలని ఆయన మీదికి విసిరికొట్టింది. కుక్కలు మొరిగాయి. రేవులో ఉన్నవాళ్లంతా ఎవరికి తోచిన అర్థం వాళ్లు అరిచారు. ఏది రాసుకోవాలో తెలియక పంతులు పెన్సిలు నములుతున్నాడు.

"వీళ్లతో పెట్టుకుంటే తెల్లారినట్టే," అని గొబ్నిత్ చేతులు తుడుచుకుంది. "గోడని అడుగుదాం పదండి."

ఊళ్లో ఎవరు గట్టిగా అరిచినా ఆ అరుపుని రేవు వెనక రాతిగోడ దాచుకుంటుంది. ఇంటికి సున్నం వేస్తానని మొగుడు అన్నాడో లేదో తేల్చుకోవాలన్నా, పోయిన తల్లి పిలుపు వినాలన్నా అందరూ దానికే చెవి ఆనిస్తారు. పై వరుసలో నిన్నటి కేకలుంటాయి, కిందికి పోయేకొద్దీ పాతవి.

గొబ్నిత్ మాత్రం నడిమి వరుసలో ఒక రాయి జోలికి ఏనాడూ పోలేదు. పద్దెనిమిదేళ్ల కిందట పొగమంచులో ఆమె మొగుడి పడవ తిరిగి రాలేదు. తను ఇంట్లో గుండెలు బాదుకుంటుంటే బయట చెల్లెలు నోరీన్ "అబబూ" అని అరిచింది. ఏమిటా గోల అని తన ఏడుపుని వెక్కిరించిందనుకుంది గొబ్నిత్. ఆనాటి నుంచి అక్కచెల్లెళ్లకి మాటల్లేవు.

పంతులు బురదలో బోర్లా పడుకుని అడుగురాయికి చెవి ఆనించాడు. చాలాసేపు కదల్లేదు.

"యుద్ధమూ కాదు, కోడీ కాదు," అన్నాడు లేచి. "ఎవరో ఆడమనిషి సముద్రంలోకి 'అబబూ' అని పిలుస్తోంది, దారి తప్పిన పడవని ఈ గొంతు పట్టుకుని ఒడ్డుకి రమ్మని. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక ఊరంతా. అంతమంది అరిస్తే గోల కాక ఏమవుతుంది?"

గొబ్నిత్ నడిమి రాయి దగ్గరికి వెళ్లి చెవి పెట్టింది. అలల హోరు. అందులో నోరీన్ గొంతు, సముద్రం వైపు తిరిగి, మళ్లీ మళ్లీ, చివరికి చిరిగిపోయి.

పీపా అలాగే వదిలేసి ఊరి ఆ చివరికి నడిచింది. నోరీన్ తలుపు తీసింది.

"ఆ రోజు ఎన్నిసార్లు పిలిచావే?" అంది గొబ్నిత్.

"గొంతు పోయేదాకా, అక్కా. నెల్లాళ్లు మాటే రాలేదు. నువ్వొచ్చి అడుగుతావనుకున్నా. నువ్వు రాలేదు. తర్వాత నాకూ పంతం వచ్చింది."

ఆ రోజు గొబ్నిత్ ఇంటికి పోలేదు. మర్నాడు షోర్సా చేత తన మంచం నోరీన్ ఇంటికి మోయించుకుంది.