ముప్పై అడుగుల వాలు

ఆ పొద్దున ఆకాశం రెండు కొండల మధ్యకి కుంగి కూర్చుంది. పొగమంచు ఇళ్ల రేకుల మీదికి దిగి చినుకులై జారుతోంది. నెల్డా తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. ఆమె మొగుడు హోబర్ట్‌ని చక్రాల కుర్చీతో సహా ఎత్తి, బర్ల్, ఇంకొకతనూ నాలుగు మెట్లు దించుతున్నారు. మూడో మెట్టు మీద బర్ల్ కాలు జారింది. కుర్చీ ఒరిగింది. హోబర్ట్ కింద పడలేదు గానీ, పడకుండా బర్ల్ మెడ పట్టుకుని పసివాడిలా వేలాడాడు. ఇరవై ఆరేళ్లు కెంటకీ బొగ్గు గనుల్లో పైకప్పుకి బోల్టులు బిగించిన మనిషి. ఆ పైకప్పే కూలి అతని నడుం విరిచింది.

ఎదురుగా కార్లో కూర్చుని ఆ రేకుల ఇళ్ల పార్కుకి మేనేజరు పెల్‌హామ్ చూస్తున్నాడు. దిగలేదు. దిగితే బూట్లకి బురద. అద్దం వేలెడు దించి, "ఇలాంటి సర్కసులు చేసి పడితే కంపెనీకి పూచీ లేదు," అన్నాడు.

"కుర్చీ దిగడానికి చెక్కతో వాలు కట్టుకుంటామని మార్చిలో అర్జీ పెట్టాం గదయ్యా," అంది నెల్డా.

"పరిశీలనలో ఉంది."

"ఇది సెప్టెంబరు."

"పార్కు అందం కూడా చూసుకోవాలి గదమ్మా."

అద్దం పైకెళ్లిపోయింది.

అందమట! నలభై రేకుల ఇళ్లు. ఎక్కడినుంచో లాక్కొచ్చి సిమెంటు దిమ్మల మీద నిలబెట్టినవి. ఇల్లు వాళ్లది, కింద నేల కంపెనీది. ఆ కంపెనీ మొహం ఎవరూ చూడలేదు. మురుగు పైపు పగిలి వేసవంతా కంపు కొట్టినప్పుడు దానికి అందం గుర్తు రాలేదు. నడవలేని మనిషి తన గుమ్మం తాను దిగుతానంటే వచ్చింది.

సాయంత్రం బట్టలుతికే గదిలో జనం చేరారు. మెషీన్ల మీద కొందరు, నేల మీద కొందరు.

"కోర్టుకెళ్దాం," అన్నారెవరో.

"వెళ్లు. తీర్పొచ్చేలోపు హోబర్ట్ శవప్పెట్టెలో దిగుతాడు ఆ మెట్లు," అన్నాడు బర్ల్. అతను హోబర్ట్‌తో ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి. "శనివారం కట్టేద్దాం. ఎవడినీ అడిగేది లేదు."

పక్కింటి ఐవలీ లేచింది. పొద్దున్నే కంపెనీ ఆఫీసు ఊడ్చే పని ఆమెది. "నన్ను మాత్రం లాగకండి. ఉన్నదొక్కటే ఉద్యోగం నాకు."

"ఊడ్చుకో తల్లీ. ఆ చేత్తోనే వాడి బూట్లు కూడా తుడువు," అన్నాడు బర్ల్.

ఐవలీ మొహం కందిపోయింది. తలుపు తోసుకుని వెళ్లిపోయింది. నెల్డాకి ఆ మాట నచ్చలేదు.

శనివారం పదిమంది కలిసి మధ్యాహ్నానికే కట్టేశారు. టేపు తీసినవాడు లేడు. గనిలో కంటి కొలతే కొలత. బొగ్గు తొట్టిని భుజంతో నెట్టగలిగితే అది మంచి వాలు. చెక్కలు పన్నెండు అడుగులకి తెగ్గోసి, మేకులు దిగ్గొట్టి, "దిగరా తమ్ముడూ!" అని చప్పట్లు కొట్టారు.

హోబర్ట్ దిగాడు. సగం దూరం తర్వాత కుర్చీ అతని చేతుల్లో లేదు. చక్రాలు అరచేతుల తోలు లేపుకుంటూ పోయాయి. కంకర మీద బోర్లా పడ్డాడు. గడ్డం చీలింది.

పెల్‌హామ్ ఆ రోజు కారు దిగాడు. ఫోటో తీయడానికి. "భలే కట్టారు. సోమవారం ట్రాక్టరొస్తుంది పీకడానికి. ఈ చెక్క ఎవరి స్థలాన్ని తాకితే వాళ్లూ ఖాళీ చేయాలి," అని నవ్వుకుంటూ పోయాడు.

బర్ల్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. నెల్డా కట్టు కడుతుంటే హోబర్ట్ అతనివైపే చూశాడు.

"బొగ్గు తొట్టికి కట్టార్రా మీరు. మనిషికి కాదు."

"తప్పే."

"మళ్లీ కట్టండి."

ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితం నెల్డా దగ్గరుంది. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. గుమ్మం ముప్పై అంగుళాలు. ఆమే టేపు పట్టి కొలిచింది. తమ స్థలం పద్దెనిమిది అడుగులకే అయిపోయింది. మలుపు తిప్పుదామంటే గ్యాసు ట్యాంకు అడ్డం. మిగతా పన్నెండు అడుగులూ ఐవలీ స్థలంలో పడతాయి. అందరూ టేపు చివర చూస్తూ నిలబడిపోయారు.

ఆదివారం పొద్దున ఐవలీయే వచ్చింది. చేతిలో పార.

"నిన్న పెల్‌హామ్ ఆఫీసుకి పిలిపించాడు," అంది నెల్డాతో. "మేకులు కొట్టినవాళ్ల పేర్లు రాసిమ్మన్నాడు. ఇస్తే నా స్థలం జోలికి రాడట. ఇవ్వనని వచ్చేశా. పదకొండేళ్లు వాడి కాఫీ కప్పులు కడిగానక్కా. వాడికి నేనేమిటో ఒక్క రోజూ అర్థం కాలేదు." బర్ల్ వైపు తిరిగింది. "నువ్వూ అంతే. చూస్తూ నిలబడతావేం? నా పూలమొక్కలు పీకు. వాలు ఇటే తీసుకురండి."

"నేనన్న మాట..."

"పీకమన్నానా!"

బర్ల్ మోకాళ్ల మీద కూర్చుని పీకాడు.

ఈసారి ప్రతి అడుగుకీ కొలిచారు. చీకటి పడేలోపు ముప్పై అడుగులూ పూర్తయ్యాయి. హోబర్ట్ ఒక్కడే దిగాడు. రోడ్డు దాకా వెళ్లి, తిరిగి ఎక్కి, మళ్లీ దిగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నెల్డా ఎప్రన్‌తో కళ్లు తుడుచుకుంది.

సోమవారం పదకొండింటికి ట్రాక్టరొచ్చింది. వెనక పెల్‌హామ్, ఒక పోలీసు. ముప్పై మంది వాలు మీద కూర్చుని ఉన్నారు. బర్ల్ చివర్న చేతిపట్టీ బిగిస్తున్నాడు.

"వీడే," పెల్‌హామ్ వేలు చూపించాడు.

"లేవన్నా," అన్నాడు పోలీసు.

"రెండు మేకులున్నాయి. ఆగు." రెండూ కొట్టి, సుత్తి ఐవలీ చేతికిచ్చి, బర్ల్ చేతులు వెనక్కి పెట్టాడు.

అతన్ని కారెక్కించారు. వాలు మీదినుంచి ఒక్కరూ లేవలేదు.

"ఇక తోలు!" పెల్‌హామ్ ట్రాక్టరువాడి మీద అరిచాడు. వాడు పోలీసు వైపు చూశాడు.

"కాగితంలో పీకమని రాసుంది. మనుషుల మీదినుంచి తోలమని లేదు," అన్నాడు పోలీసు. "లేచేదాకా ఆగండి."

నెల్డా లోపలికెళ్లి ఉడికించిన బీన్స్ గింజల గిన్నె, మొక్కజొన్న రొట్టెలు తెచ్చింది. కింద రోడ్డంచున కుర్చీలో ఉన్న హోబర్ట్‌కి మొదట పెట్టింది. ఐవలీ పళ్లాలు పైదాకా అందించింది. తరిగిన ఉల్లిపాయ చేతులు మారింది.

"ఎంతసేపు తింటారు మీరు?" పెల్‌హామ్ అరిచాడు.

ఒక్కరూ తలెత్తలేదు. రొట్టె విరిచి గింజల రసంలో ముంచుకుని నెమ్మదిగా నమిలారు. ట్రాక్టరు ఇంజను ఆగింది. నెల్డా గరిటె నింపుకుని మళ్లీ మొదటినుంచి వడ్డించింది.